ఒకే గంపలో రెండు పెట్టలు పొదుగుతున్నాయి, విడదీయాలా?

గునుపురం పెరడు:
మాది గునుపురం దగ్గర పల్లె. ముందు ఎర్ర పెట్టని పొదగేశాం. వారం తిరిగేసరికి నల్ల పెట్ట కూడా అదే గంపలో దూరి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే పొదుక్కు కూర్చుంది. తీసేస్తే మళ్ళీ వస్తోంది. ఇప్పుడు ఎర్రదానికి రెండు వారాలు, నల్లదానికి వారం. కొట్లాటేం లేదు, పక్కపక్కనే ఒదిగి కూర్చుని ఒకదాని కింది గుడ్డుని ఇంకొకటి ముక్కుతో పొట్ట కిందకి లాక్కుంటున్నాయి. ఇద్దరు తల్లులుంటే పిల్లలకి మంచిదే, వదిలేయమంటున్నారు మా అత్తగారు. నాకేమో వెనక గుడ్ల గతేంటని టెన్షన్.

పర్లాకిమిడి నాటుకోడి:
అత్తగారి మాట సగం నిజమండీ. రెండూ ఒకే రోజు పొదిగితే కలిపి పెంచడమంత సుఖం లేదు, వారం తేడా ఉంటే మాత్రం విడదీయాల్సిందే. గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. ముందు పిల్లలు బయటికొచ్చాక ఒకటి రెండు రోజుల్లో తల్లి వాటిని తీసుకుని దిగిపోతుంది, ఆ సందడికి రెండో పెట్టా వెనకే పోతే మిగిలిన గుడ్లు చల్లారి లోపలి పిల్ల చచ్చిపోతుంది. ఈ రాత్రే చీకట్లో సెల్లు టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. వారం గుడ్డైతే ఎర్ర నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, రెండు వారాలదైతే మొద్దు వైపు గాలి గది తప్ప అంతా నల్లగా ఉంటుంది, అసలేమీ లేకుండా తేటగా ఉంటే వట్టి గుడ్డు, తీసేయండి. పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కొత్త గుడ్లతో నల్ల పెట్టని వేరే గంపలోకి మార్చండి. రాత్రే మార్చాలి, పగలైతే లేచి పాత చోటికే పరిగెత్తుతుంది. ఒక రోజు గోనెపట్టా కప్పి ఉంచితే కుదురుకుంటుంది. ఎర్రదాని గుడ్లు మాత్రం చివరి మూడు రోజులూ ముట్టుకోవద్దు.

గునుపురం పెరడు:
థాంక్సండీ. మరి అన్ని గుడ్లూ పిల్లలయ్యాక ఆ పిల్లల్ని కలిపేయొచ్చా?

రాయగడ రైతు:
వారం తేడా ఉంటే వద్దమ్మా, పెద్ద పిల్లలు చిన్నవాటిని తొక్కేస్తాయి, తల్లి కూడా తనవి కానివాటిని పొడుస్తుంది. రెండు మూడు రోజుల తేడా వరకైతే రాత్రి పూట రెక్క కింద దోపేస్తే ఒప్పుకుంటుంది. మేమైతే వనరాజా జాతి కోళ్ల గుడ్లు కూడా నాటు పెట్టల కిందే పెడతాం, ఆ జాతికి పొదిగే బుద్ధి తక్కువ. పొదుక్కొచ్చిన మొదటి పెట్ట కింద ఒకటి రెండు పాత గుడ్లుంచి ఆపి, రెండోదీ కూర్చున్నాక రెండింటికీ ఒకే రాత్రి మంచి గుడ్లు పెడతాం. పిల్లలన్నీ ఒకదానికి అప్పగిస్తే రెండోది త్వరగా మళ్ళీ గుడ్లకి వస్తుంది. అన్నీ ఒకేసారి పొదిగిస్తే టీకాకీ లాభం. కొక్కెర తెగులు (రాణిఖెత్) టీకా మందు మొదటి వారంలో కంట్లో చుక్క వేయాలి, సీసా వంద డోసులది, కలిపాక దాచడానికి కుదరదు. మా వీధిలో అందరం ఒకే వారం పొదగేసి సీసా పంచుకుంటాం.

సిరోంచ గట్టు:
మా ప్రాణహిత పక్కన గద్దల కన్నా ముంగిసల బాధ ఎక్కువ. రెండు గంపలు చేస్తున్నారు కాబట్టి రెండింటి మీదా బరువైన రాయి పెట్టండి, ఉత్త గంప అయితే ముంగిస దాన్ని పక్కకి నెట్టేస్తది.