పెద్ద టైర్లు వేశాక ఘాట్‌లో జీపు లాగడం లేదు: వెనక క్రౌన్, పినియన్ మారిస్తే సరిపోతుందా?

గాజువాక జీపు:
అందరికీ నమస్కారం. నా పాత డీజిల్ జీపుకు ఉన్న 215/75 ఆర్ 15 టైర్లు తీసి, మూడు నెలల క్రితం 31 అంగుళాల టైర్లు వేయించాను. వనజంగి మట్టి దారిలో ఇప్పుడు బండి అడుగు రాళ్లకు తగలడం లేదు కానీ, ఆ సంతోషం అక్కడితోనే సరి. అనంతగిరి ఘాట్‌లో ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపులను ఇప్పుడు రెండో గేరులో ఎక్కవలసి వస్తోంది, ఎత్తు మీద ఆగి బయలుదేరితే క్లచ్ మాడిన వాసన వస్తోంది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఇంజిన్ పని చేయించమన్నారు. మరొకరు వెనక ఇరుసు హౌసింగ్‌లో క్రౌన్ (చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) మారిస్తే చాలునని, ముందు, వెనక రెండూ మార్చడం దండగ ఖర్చని చెప్పారు. ఎవరి మాట వినాలి? ఆ రెంటి పళ్ల పాత నిష్పత్తి ఎంతో కూడా నాకు తెలియదు.

సుద్దగీత:
ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, ముందు లెక్క చూడండి. మీ పాత టైరు ఎత్తు దాదాపు 703 మి.మీ., కొత్తది 787 మి.మీ., అంటే ప్రతి గేరూ 12 శాతం బరువెక్కినట్టే.

పాత నిష్పత్తి తెలుసుకోవడానికి హౌసింగ్ విప్పనక్కరలేదు. సమతలమైన నేల మీద ముందు చక్రాలకు గట్టి అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు వదిలి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి కింద స్టాండు పెట్టండి. టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు వైపు నుంచి ఇరుసుకు వెళ్లే కడ్డీ) మీద సుద్దతో గీత గీసి, చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంటుంది కనుక లోపల క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఆ లోగా షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే మీ నిష్పత్తి. 20 చుట్లు తిప్పి, షాఫ్టు చుట్లను 10తో భాగిస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది.

ఉదాహరణకు 4.10 వచ్చిందనుకుందాం. దాన్ని 787తో గుణించి 703తో భాగిస్తే 4.59 వస్తుంది, దానికి దగ్గరగా ఉండేది 4.56, అంటే క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 9. టాప్ గేరు 1:1 అయితే 80 కి.మీ. వేగంలో ఇంజిన్ నిమిషానికి సుమారు 2,460 చుట్లు తిరుగుతుంది, పాత టైర్లతోనూ దాదాపు అంతే తిరిగేది. 4.88 వేస్తే 2,630 దాటుతుంది. కొండల్లో హాయిగానే ఉంటుంది కానీ, హైవే మీద చెవులు హోరెత్తుతాయి.

పాత షిమ్:
వెనక ఒక్కటే మార్చమన్న సలహాను దయచేసి పాటించకండి. ఫోర్ వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టె) ముందు, వెనక షాఫ్టులను ఒకే వేగంతో తిప్పుతుంది. ముందు 4.10, వెనక 4.56 ఉంటే నాలుగు చక్రాలూ ఒకే వేగంతో దొర్లడం అసాధ్యం. బురదలో టైరు జారి సర్దుకుంటుంది, గట్టి నేల మీద ఆ బిగింపంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడి ఏదో ఒకటి విరుగుతుంది.

బిగించే పనితనం కూడా ముఖ్యమే. నాకు ఒకచోట పాత షిమ్‌లనే, అంటే గేర్ల స్థానం సర్దే పలుచని రేకులనే, కంటి అంచనాతో తిరిగి వేసి ఇచ్చారు, 40 కి.మీ. దాటితే చాలు, హౌసింగ్ ఈల వేసేది. పళ్లకు రంగు పూసి, తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడుతోందో లేదో మీ కళ్లతో చూడండి, బ్యాక్‌లాష్‌ను (పళ్ల మధ్య ఉండే సందును) డయల్ గేజీతో కొలిపించండి. క్రౌన్, పినియన్ ఒకదానితో ఒకటి రాపిడి పెట్టి జతగా తయారుచేసినవే కావాలి, ఒక సెట్టులోది మరొక సెట్టులోదానితో కలపకూడదు. మొదటి 800 కి.మీ. బరువు వేయకుండా నడిపి ఆయిల్ మార్చండి.

టైడా మలుపు:
అందరూ ఎక్కడం గురించే రాస్తున్నారు, నాకు దిగడమే ఎక్కువ భయం. టైరు పెద్దదైతే అదే గేరులో ఇంజిన్ పట్టు తగ్గుతుంది, కాలు మాటిమాటికీ బ్రేకు మీదికి పోతుంది. నిష్పత్తి మారిస్తే ఇంజిన్ పట్టు తిరిగి వస్తుంది కానీ, బ్రేకుల బలం మాత్రం పెరగదు. పెద్ద, బరువైన చక్రాన్ని ఆపే భారం ఆ పాత డ్రమ్ములదే. లైనింగులు కూడా ఇప్పుడే చూపించుకోండి. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కనుక, ఈ టైర్ల విషయమై బీమా వారిని, రవాణా శాఖ వారిని ముందే అడగడం మంచిది.

గాజువాక జీపు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం చక్రాన్ని 20 చుట్లు తిప్పాను, షాఫ్టు 41 చుట్లు తిరిగింది, అంటే 4.10. ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్‌లు లాక్ చేసి ముందు కూడా లెక్కపెట్టాను, అంతే వచ్చింది. ముందు హౌసింగ్‌కు సరిపడే 4.56 సెట్టు దొరికిన తరువాతే వెనకది కొంటాను. అంతవరకు పాత టైర్లతోనే ఘాట్ ఎక్కుతాను.