కలుపు చేప అంటే ఏ చేప?

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

కొల్లేరు చేపల మీద బడి పిల్లల కోసం రాసిన చిన్న పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. పదహారు పేజీలు, బొమ్మలే ఎక్కువ. అందులో చేపల్ని రెండు జట్లు చేశారు. మొదటి నుంచీ ఆ నీళ్లలో ఉన్నవి, బయటి నుంచి వచ్చి వాటి చోటు లాక్కున్నవి. ఇంగ్లీషులో నేటివ్, ఇన్వేసివ్ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. మొదటిదానికి ‘నాటు’ అని పెట్టాను. నాటుకోడి తెలిసినవాళ్లకు నాటు చేప గురించి వేరే చెప్పక్కర్లేదు. రెండోదానికి మాట తోచక, చేపల చెరువుల రైతులకు ఇచ్చే తెలుగు కరపత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. అక్కడ కనబడింది: ‘కలుపు చేపలు’. హమ్మయ్య, దొరికింది అనుకున్నా.

తీరా కింద పేర్లు చూస్తే పరిగెలు, జెల్లలు, గొరకలు! పక్కనే ‘వేటాడే చేపలు’ అని ఇంకో వరస: కొరమీను, మట్టగిడస, వాలుగ, మార్పు. చెరువులో పిల్ల వదిలే ముందే వీటన్నిటినీ ఇప్పపిండి చల్లి చంపేయాలట. శ్రద్ధగా పెంచాల్సిన వాటిలో బొచ్చె, శీలావతితో పాటు బంగారుతీగ, గడ్డి చేప, వెండి చేప ఉన్నాయి. అంటే నా పుస్తకం కాపాడమంటున్నవి ఇక్కడ కలుపు. నా పుస్తకం జాగ్రత్త అంటున్న వాటిలో కొన్ని ఇక్కడ పంట.

మా అమ్మమ్మది కైకలూరు పక్క పల్లె. చేటెడు పరిగెలు వస్తే పెరట్లో గరుకు రాయి మీద బూడిద చల్లి, గుప్పెడు గుప్పెడు వేసి రుద్దేది. పొలుసంతా పోయేసరికి ఆవిడ మోచేతుల దాకా వెండి పూత పూసినట్టు ఉండేది. తలలు తీసేది కాదు. పచ్చి మామిడికాయ వేసి పులుసు పెడితే ముల్లు ఏరే పని లేకుండా నమిలేసేవాళ్లం. ఆ పరిగెను పట్టుకుని కలుపు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నా ప్రశ్నలు రెండు. ఈ ‘కలుపు చేప’ జనం మాటా, ఆఫీసు మాటా? ఇన్వేసివ్‌కి తెలుగులో ఏమనాలి? ‘ఆక్రమణ జాతి’ అని ఒకచోట చూశాను. వింటే ఇంటి స్థలం తగాదా గుర్తొస్తోంది.

జవాబు (కొల్లేరు లంక ఊరి నుంచి)

అక్కా, మా నాన్న ఇప్పటికీ మావులు వేస్తాడు. మావి అంటే వెదురు బద్దలతో అల్లిన బుట్టలాంటిది, చేప లోపలికి పోతుంది కానీ బయటికి రాలేదు. పొద్దున్నే దోనె మీద వెళ్లి మావులెత్తి ఒడ్డున గుమ్మరిస్తే, ఒక్కోదాన్ని పేరు పెట్టి ఏరుతాడు. ఇది బొమ్మిడాయి, ఇది ఇంగిలాయి, ఇది మట్టగిడస. ఇంగిలాయి దగ్గర మాత్రం మమ్మల్ని చెయ్యి పెట్టనివ్వడు, ముల్లు గుచ్చితే రోజంతా సలుపుతుంది. ఇన్నేళ్లలో ఆయన నోట ‘కలుపు చేప’ అన్న మాట నేను వినలేదు. ‘చిల్లర చేప’ అంటాడు. అది ధరను బట్టి వచ్చిన మాట, తిట్టు కాదు. చిల్లర చేప ఇంటికి, పెద్ద చేప సంతకి. కలుపు అనేది గట్టు లోపలి మాట, చెరువుల వాళ్లది.

పరాయి చేపలకు కూడా మావాళ్లు పేర్లు పెట్టారు. తిలాపియాను చైనా గొరక అంటాం. మన గొరకకు లాగే వీపు మీద ముళ్లు, ఆకారం కూడా కొంచెం అలాగే. క్యాట్‌ఫిష్ వచ్చాక అది ‘ఆఫ్రికా మార్పు’ అయింది. ఇప్పుడు బజార్లో మార్పు అంటే అదే ఇస్తున్నారు, మన మార్పును చూసి ఎన్నాళ్లయిందో.

ఒక్కదానికి మాత్రం పేరు పెట్టలేదు. ఒళ్లంతా పెంకు, మీద పులి చారల్లాంటి మచ్చలు, కింద జలగ లాంటి నోరు. గాజు తొట్లో పాచి తింటుందని కొనుక్కుంటారు చూడండి, సక్కర్ చేప, అదే. పెద్దదయ్యాక తొట్టి చాలక ఎవరో కాలవలో వదిలేస్తారు. వలకు తగిలితే ముళ్లు చిక్కుకుని వల కోస్తే గానీ రాదు. తినరు, కొనరు. నాన్న ఇంటికొచ్చి “ఇవాళ అది పడింది” అంటాడు. మాకు అర్థమైపోతుంది.

జవాబు (తెలుగు మాస్టారు, రిటైర్డ్)

అమ్మా, మీ అనుమానం సరైనదే. కలుపు రైతు మాట. దానికి సొంత అర్థం లేదు, పక్కన పంట ఉంటేనే అర్థం. వరి మడిలో జొన్న మొలిచినా అది కలుపే. ఊద సంగతి చూడండి. నా చిన్నతనంలో వరి చేలో ఊద పీకలేక కూలివాళ్ల నడుములు విరిగేవి. ఇప్పుడు ఊదలు సిరిధాన్యం అని అందమైన ప్యాకెట్లో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. గడ్డి మారలేదు, పక్కనున్న పంట మారింది. కాబట్టి చేపల చెరువులో కలుపు చేప ఉండొచ్చు. కొల్లేరులో ఉండదు. సరస్సులో ఎవరూ పంట వేయలేదు కదా, ఇక కలుపు ఎక్కడిది?

పరిగె మీద ఒక మాట. కోత అయ్యాక చేలో రాలిపోయిన వెన్నుల్ని కూడా పరిగె అంటాం, పరిగె ఏరుకోవడం అంటాం. చేప పేరుకూ ఈ మాటకూ చుట్టరికం ఉందని నేను వాదించను. కానీ రెండూ లేనివాళ్ల కడుపు నింపేవే. మోతుబరి లెక్కలోకి రానివే.

చిన్న చేపను చులకన చేయడం ఇప్పటిది కాదు లెండి. సంస్కృతంలో ఒక సుభాషితం బళ్లో చెప్పేవాణ్ణి: లోతు నీళ్లలో తిరిగే రోహితానికి గర్వం లేదు, బొటనవేలు మునిగే నీళ్లలో శఫరి మాత్రం ఎగిరెగిరి పడుతుంది అని. రోహితం అంటే మన శీలావతి, రోహు. శఫరి అంటే ఇలాంటి మెరిసే చిన్న చేప, మన కావ్యాల్లో బేడిస. విచిత్రమేమిటంటే, అదే కవులు ఆడవాళ్ల కళ్లను పోల్చాల్సి వచ్చేసరికి రోహితాన్ని వదిలేసి బేడిస దగ్గరికే వచ్చారు. అణకువకు పెద్ద చేప, అందానికి చిన్న చేప.

జవాబు (చేపల పెంపకం పని చేసినాయన)

ఆ కరపత్రాల్లో కొన్ని నా చేతుల మీదుగా పంచినవే, కాబట్టి తిట్లేమైనా ఉంటే నాకే వేయండి. కానీ రైతు వైపు నుంచి చెప్పనివ్వండి. ఎకరం చెరువులో వేలు పెట్టి పిల్ల వదులుతాడు. వేసిన మేతను పరిగెలు పంచుకుంటాయి, పైగా అక్కడే గుడ్లు పెట్టి వందల్లో పెరుగుతాయి. ఒక్క కొరమీను జంట దాగి ఉన్నా వదిలిన పిల్లలో సగం మాయం. అందుకే ఇప్పపిండి. ఇప్ప గింజల నూనె తీశాక మిగిలిన పిండి అది. అందులోని సపోనిన్ అనే పదార్థం మొప్పల గుండా రక్తంలోకి పోయి ఎర్ర కణాలను పగలగొడుతుంది. రెండు మూడు వారాలకు విషం విరిగి అదే ఎరువవుతుంది. మాట కూడా మేము పుట్టించింది కాదు, ఇంగ్లీషు పుస్తకాల్లో ‘వీడ్ ఫిష్’ అని ఉంటే దించేశాం.

ఆ మాటను తర్వాత చాలామంది వదిలేశారు. బంగ్లాదేశ్‌లో ఈ చిన్న చేపల్ని ‘దేశీయ చిన్న చేపలు’ అనే అర్థంలో పిలవడం మొదలుపెట్టారు. మోలా అనే వేలెడు చేపలో విటమిన్ ఎ దండిగా ఉంటుంది, అదీ ముఖ్యంగా తలలో, కళ్లలో. బొచ్చె, రోహులతో కలిపి ఒకే చెరువులో దాన్ని పెంచొచ్చని చూపించారు. ఈ చిన్న చేపల మీద పనిచేసినందుకే శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మీ అమ్మమ్మ తలలు తీయకపోవడం ఊరికే కాదన్నమాట.

ఇక బంగారుతీగ. ఎంత చక్కటి తెలుగు పేరు! ఆ పేరు విని గోదావరిలోనే పుట్టిందనుకుంటారు. అది కామన్ కార్ప్. 1939లో సిలోన్ నుంచి నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి ఇంకో రకం వచ్చాయి. గడ్డి చేప, వెండి చేప 1959లో దిగాయి. మొజాంబిక్ తిలాపియా 1952లోనే వచ్చింది. అంటే మీ చైనా గొరక చైనాది కాదు, ఆఫ్రికాది. ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, అందుకే ఏ కుంటలో పడ్డా బతికేస్తుంది. ఏడేళ్లు తిరిగేసరికి, 1959లో, ఇక దీన్ని కొత్త చోట్ల వదలొద్దని నిపుణుల కమిటీయే చెప్పింది. అప్పటికే ఆలస్యమైంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లో కేంద్రం నిషేధించింది, అయినా మీ బజార్లో దొరుకుతోందని పై తమ్ముడు చెప్పనే చెప్పాడు. మన మార్పు మాత్రం అంతరించే ప్రమాదంలో ఉన్న చేపల జాబితాకెక్కింది.

అయితే పరాయిదంతా ఒకటే గాట కట్టకండి. గడ్డి చేప మన చెరువుల నిలవ నీళ్లలో గుడ్లు పెట్టదు. హేచరీలో ఇంజెక్షన్ చేసి పెట్టించాలి. ఏటా మనం పోస్తేనే ఉంటుంది. బంగారుతీగ అలా కాదు, నిలవ నీళ్లలోనే పిల్లలు చేస్తుంది. అడుగు బురదను మూతితో పెళ్లగించి నీళ్లన్నీ కలక చేస్తుంది. వెండి చేప కథ వినాలంటే గోవింద్ సాగర్ వెళ్లాలి. హిమాచల్‌లో భాక్రా డ్యామ్ వెనక జలాశయం అది. 1971లో వరదొచ్చి పక్కనున్న చేపల ఫారం నుంచి కొన్ని వెండి చేపలు అందులోకి కొట్టుకుపోయాయి. పై నీళ్లలో తేలే నాచు, సూక్ష్మజీవులే దానికీ బొచ్చెకూ తిండి. కొన్నేళ్లకు వలలో బొచ్చె తగ్గిపోయి అంతా వెండి చేపే. కొల్లేరు చుట్టూ ఎన్ని చెరువు గట్లున్నాయో, బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

చిన్న కొసరు: యూరప్‌లో, బంగారుతీగ సొంత నదుల్లో, దాని అడవి రకం ఇప్పుడు ముప్పులో ఉంది.

జవాబు (కరీంనగర్ నుంచి)

మా దగ్గర తిలాపియాను జిలేబీ అంటారు, పండుగకు పెట్టినట్టు. మస్తు పేరు. కొరమీనును కొర్రమట్ట అంటాం. తెలంగాణకు రాష్ట్ర చేప అదే. ఒక కాగితంలో రాష్ట్ర చేప, ఇంకో కాగితంలో ఇప్పపిండి చల్లి చంపాల్సిన చేప! మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఉబ్బసం మందుతో కలిపి మింగించేది కూడా దాని పిల్లనే. తల్లీ తండ్రీ ఎర్రటి పిల్లల గుంపును వెంటేసుకుని కాపలా తిరగడం మా ఊరి చెరువు మత్తడి దగ్గర చూసిన. దానికి కాపలా కాసుడు తెలుసు, మనకు తెల్వది.

మాట సంగతికొస్తే, మొక్కల పేర్లు చూడండి. సర్కారు తుమ్మ, కాంగ్రెస్ గడ్డి, గుర్రపుడెక్క. జనం ‘ఆక్రమణ జాతి’ అని మొత్తానికి ఒక పేరు పెట్టలేదు. ఎవరు తెచ్చారో, ఎట్లున్నదో చూసి దేనికదే పెట్టుకున్నరు. సర్కారు తుమ్మలో చరిత్ర మొత్తం ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు నీళ్లలో కలిసిన డీఎన్‌ఏ పరీక్షించి, తూర్పు కనుమల్లో సుమారు 60 శాతం నీటి వనరుల్లో ఆ సక్కర్ చేప ఉన్నదని తేల్చారు. దానికి పేరు లేదంటే నాకు నచ్చలేదు. ‘తొట్టి చేప’ అనొచ్చు కదా, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేటట్టు?

మొదటి పోస్టు రాసినామె

అందరికీ చాలా థాంక్స్. ‘తొట్టి చేప’ తీసేసుకున్నాను, పుస్తకంలో ఆ బొమ్మ కింద అదే పేరు.

‘ఆక్రమణ’, ‘చొరబాటు’ రెండూ కొట్టేశాను. చొరబడడం అంటే దానంతట అది రావాలి. వీటిలో ఏదీ అలా రాలేదు. ఓడలో తెచ్చాం, సంచుల్లో నీళ్లు పోసి తెచ్చాం, తొట్టిలోంచి వదిలాం. తప్పు చేప మీదకు నెట్టే మాట పిల్లల చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆ పేజీ ఇప్పుడిలా ఉంది, చూసి చెప్పండి:

“కొల్లేరులో పుట్టిన చేపలు: పరిగెలు, జెల్లలు, గురకలు, ఇంగిలాయిలు, మట్టగిడసలు, కొరమీనులు. మనం తెచ్చి వదిలితే పాతుకుపోయిన చేపలు: చైనా గురకలు, ఆఫ్రికా మార్పులు, బంగారుతీగలు, తొట్టి చేపలు.”

తెలుగు మాస్టారు

‘పాతుకుపోయిన’ బాగుంది, తుమ్మకు వాడే మాట చేపకూ సరిపోయింది. ఒకటే దిద్దుబాటు. పైన గొరకలు అని రాసి ఇక్కడ గురకలు అన్నారు. గురక నిద్రలో వచ్చేది.

మొదటి పోస్టు రాసినామె

మా వైపు రెండూ అంటారు మాస్టారూ. సరే, పిల్లలు నవ్వుతారు, గొరకే ఉంచుతాను. రెండో గురక సంగతి మా ఆయనకు చెప్పుకుంటాను.