22 వేలు ఉన్నాయి, లెన్స్ కొనాలా ఫ్లాష్ కొనాలా?

కోరంగి కుర్రాడు:
పొద్దున్నుంచి వీడియోలు చూసి చూసి తల పగిలిపోతోంది. ఒకాయన 50 ఎంఎం లెన్స్ లేకపోతే ఫొటోలే తీయొద్దంటాడు, ఇంకొకాయన లెన్స్ దండగ ఫ్లాష్ కొనుక్కో అంటాడు, ఇంకో వీడియోలో అసలు కెమెరా బాడీయే మార్చమంటున్నారు. నా దగ్గరున్నది 22 వేలు, అంతకుమించి ఒక్క రూపాయి పెట్టలేను. వచ్చే నెల ఫంక్షన్, నన్నే తీయమన్నారు. ఇప్పటిదాకా తీసినవన్నీ షేక్ అయినట్టు వస్తున్నాయి. ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పండి ప్లీజ్. లింకులు మాత్రం పెట్టొద్దు.

షటర్:
ఏ కెమెరా?

పాత నెగటివ్:
50 ఎంఎం ఎఫ్ 1.8. ఇంకేం ఆలోచించకండి. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది), ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది, అంటే మూడు స్టాపులు పైనే వెలుగు ఎక్కువ (ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు). ఇప్పుడు 1/30 సెకను షటర్ స్పీడు మీద కదిలిపోతున్న ఫొటో అదే ఐఎస్ఓతో (సెన్సర్ వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) 1/250లో పడుతుంది. ఈ డబ్బుకి ఇంత తేడా తెచ్చే వస్తువు ఇంకొకటి లేదు.

ఉప్పుగాలి:
ఏది కొన్నా సరే, ముందు దాన్ని ఎక్కడ పెడతారో చెప్పండి. మాది విశాఖ, సముద్రానికి దగ్గర. ఇక్కడ లెన్సుల్ని చంపేది ఫంగస్. కోరంగి అంటున్నారంటే మీకూ అదే గాలి. చాలామంది కెమెరాని దానితో వచ్చిన బ్యాగులోనే బీరువాలో పెట్టి తాళం వేస్తారు, వానాకాలం అయ్యాక తీస్తే గాజు లోపల సాలెగూడులాగా సన్నటి పోగులు కనిపిస్తాయి. ముదిరితే గాజు మీది పూతని కూడా తినేస్తుంది, శుభ్రం చేయించినా మచ్చ పోదు. డ్రై క్యాబినెట్ (తేమ చేరనివ్వని అల్మరా) కొనలేకపోతే గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు), చిన్న తేమ మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వేయాలి. సెకండ్ హ్యాండ్ లెన్స్ తీసుకునేటట్టయితే వెనక నుంచి టార్చి వేసి లోపలికి చూడకుండా డబ్బులు ఇవ్వకండి. దీనికి అయ్యే ఖర్చు ఆ 22 వేలలోంచే పక్కన పెట్టండి.

కోరంగి కుర్రాడు:
అన్నా డబ్బా సంగతి తర్వాత చూద్దాం, ముందు కొనాలి కదా. కెమెరా కెనాన్.

షటర్:
కెనాన్‌లో ఏది?

మండపం:
ఏ మోడల్, ఏ ఫంక్షన్, ఎక్కడ, పగలా రాత్రా? ఇవి చెప్పకుండా ఎవరు ఏం చెప్పినా గాల్లో చెప్పినట్టే. షేక్ అయిన ఫొటో ఒకటి తెరిచి షటర్ స్పీడు, ఐఎస్ఓ ఎంత ఉన్నాయో రాయండి.

కోరంగి కుర్రాడు:
200డి మార్క్ 2, దాంతో వచ్చిన 18-55. మా అక్క సీమంతం, ఇంట్లోనే, హాల్లో. సాయంత్రం మొదలుపెడతారు. మొన్న పెదనాన్న వాళ్ళింట్లో తీసిన దాంట్లో 1/30, ఐఎస్ఓ 6400, ఎఫ్ 5.6 ఉంది. అక్షింతలు వేసే చేతులన్నీ చెరిగిపోయాయి. కెమెరా మీద లేచే ఫ్లాష్ వేస్తే మొహాలు పాలిపోయి, వెనక గోడ మీద నల్లగా నీడ.

పాత నెగటివ్:
చూశారా, సరిగ్గా నేను చెప్పిన కేసే. 50 కొనేయండి.

క్రాప్ బాడీ:
ఆగండి. ఆ బాడీ మీద 50 ఎంఎం అంటే 80 ఎంఎం అవుతుంది. ఇంటి హాల్లో ఏం చేసుకుంటారు?

పాత నెగటివ్:
50 ఎప్పుడూ 50నే. బాడీ మార్చినంత మాత్రాన ఫోకల్ లెంగ్త్ (ఆ ఎంఎం అంకె) మారదు. చిన్న సెన్సర్ బాడీ అని ఈ 1.6తో హెచ్చవేయడం ఎవరు మొదలుపెట్టారో గానీ కొత్తవాళ్ళందరూ దాన్నే పట్టుకున్నారు. ఫిలిం రోజుల్లో మాకు ఈ లెక్కే లేదు.

క్రాప్ బాడీ:
మారదని నాకూ తెలుసు అండీ. సెన్సర్ చిన్నది కాబట్టి ఫ్రేములోకి వచ్చే భాగం తగ్గుతుంది, ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిలిం సైజు సెన్సర్) మీద 80 పెడితే ఎంత కనిపిస్తుందో ఇందులో అంతే కనిపిస్తుంది. ఫిలిం రోజుల్లో మీ అందరికీ ఒకే సైజు ఫ్రేము కాబట్టి లెక్క అవసరం పడలేదు.

పాత నెగటివ్:
అలాంటప్పుడు '80 అవుతుంది' అని రాయకూడదు. 'కోణం తగ్గుతుంది' అని రాయాలి. రాసేది సరిగ్గా రాస్తే కొత్తవాళ్ళు తికమకపడరు.

షటర్:
అతనికి వచ్చే నెల ఫంక్షన్.

మండపం:
పేరు ఏదైనా పెట్టుకోండి, ఇంట్లో జరిగేది ఇది: ఆ బాడీ మీద 50తో నిలబడ్డ మనిషిని కాళ్ళ నుంచి తల దాకా, కెమెరా నిలువుగా పట్టుకుని తీయాలన్నా నాలుగున్నర మీటర్లు వెనక్కి పోవాలి. మామూలు హాల్లో మధ్యలో కుర్చీ వేసి అక్కని కూర్చోబెడితే వెనకాల అంత చోటు ఎక్కడిది? వీపు గోడకి ఆనిపోతుంది. నమ్మకం లేకపోతే మీ 18-55నే 50 దగ్గర ఆపి, రింగు తిప్పకుండా ఇంట్లో ఒక పూట తీసి చూడండి. పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. 24 ఎంఎం ఎఫ్ 2.8 కూడా ఉంది, ఇంట్లో వెడల్పు సరిపోతుంది గానీ అదే 24 దగ్గర కిట్ లెన్సుతో పోలిస్తే దక్కేది దాదాపు ఒక స్టాపే, అందుకోసం డబ్బంతా పెట్టొద్దు.

ఇంకోటి. ఎఫ్ 1.8లో దగ్గర నుంచి తీస్తే అక్క మొహం ఫోకస్‌లో ఉంటుంది, పక్కన గాజులు తొడిగే అత్తగారు ఒక అడుగు వెనకున్నా చెరిగిపోతారు. సీమంతంలో ఒక్క మనిషి ఫొటోలు కొన్నే, మిగతావన్నీ నలుగురైదుగురు కలిసి ఉండేవే. అందుకే నా మాట ఫ్లాష్. తల తిరిగే ఫ్లాష్ పెట్టి, తెల్లటి సీలింగ్ మీదికి తిప్పి కొట్టండి. వెలుగు పైనుంచి పరుచుకుని పడుతుంది, వెనక గోడ మీద ఆ నల్లటి నీడ ఉండదు. ఎఫ్ 5.6, 1/125, ఐఎస్ఓ 800తో మొదలుపెట్టండి. కిట్ లెన్సే చాలు, రెండు వరసలూ స్పష్టంగా వస్తాయి. ఫ్లాష్ వెలిగేది క్షణంలో చిన్న ముక్క కాబట్టి అక్షింతలు గాల్లో ఉండగానే ఆగిపోతాయి.

సీలింగ్ ఏ రంగు? ఆకుపచ్చో పసుపో అయితే మొహాల మీద అదే రంగు పడుతుంది. వాకిట్లో షామియానా కింద అయితే గుడ్డ రంగంతా చీరల మీదే ఉంటుంది.

కోరంగి కుర్రాడు:
తెలుపే. సరే ఫ్లాష్. సింగిల్ పిన్ మాన్యువల్ ఫ్లాష్ (అడుగున ఒక్క పిన్నే ఉండి, వెలుగు మనమే సెట్ చేసుకునేది) తక్కువలో వస్తోంది, అది ఆర్డర్ పెట్టేస్తున్నా, మిగిలిన దాంతో 50 కూడా వస్తుందేమో.

షటర్:
పెట్టొద్దు. వెలగదు.

కోరంగి కుర్రాడు:
ఎందుకు??

షటర్:
200డి 2 హాట్ షూ (పైన ఫ్లాష్ బిగించే చోటు) చూడండి. మధ్యలో పిన్ లేదు.

మండపం:
షటర్ గారు చెప్పింది అసలైన మాట. అన్ని కంపెనీల ఫ్లాషులకూ ఆ మధ్య పిన్నే సంకేతం ఇచ్చేది, ఈ బాడీలో దాన్ని కెనాన్ తీసేసింది. మధ్య పిన్ మీద మాత్రమే ఆధారపడే ఫ్లాషు ఏదీ దీనిమీద పనిచేయదు. కెనాన్ సొంత ఫ్లాషో, లేకపోతే కెనాన్ ఈ-టీటీఎల్ (ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరాయే లెక్కేసే పద్ధతి) కోసం చేసి, ఈ బాడీకి పనికొచ్చేలా ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయిన బయటి కంపెనీదో తీసుకోవాలి. డబ్బా మీద 'కెనాన్ కోసం' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఆన్‌లైన్‌లో కాకుండా బాడీ పట్టుకుని షాపుకి వెళ్ళి, మీ కెమెరా మీదే పెట్టి పదిసార్లు కొట్టి చూసి, అప్పుడు డబ్బులివ్వండి. హైదరాబాద్ వచ్చే పనుంటే కోఠిలో చూడొచ్చు, లేకపోతే కాకినాడలోనే అడగండి. ముందు ఫ్లాష్, డబ్బు మిగిలితేనే 50. రేపు మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) మారినా ఆ 50 ఈఎఫ్ లెన్స్ అడాప్టర్‌తో కెనాన్ ఆర్ మిర్రర్‌లెస్ బాడీల మీద పనిచేస్తుంది, కాబట్టి దానికి తొందరేం లేదు.

ఉప్పుగాలి:
ఫ్లాష్ వాడనప్పుడు సెల్స్ తీసేయండి. లోపల కారితే స్ప్రింగులు పచ్చగా తుప్పుపట్టి పోతాయి. డబ్బాలో సిలికా జెల్ మర్చిపోవద్దు.

క్రాప్ బాడీ:
నెగటివ్ గారూ, 'కోణం' అంటే కొత్తవాళ్ళకి ఇంకా అర్థం కాదు, 80 అంటేనే...

కోరంగి కుర్రాడు:
షాపులో పెట్టి చూశా. మొదట ఇచ్చింది వెలగలేదు, రెండోది వెలిగింది, తీసేసుకున్నా. థాంక్స్ అన్నా అందరికీ.

గట్టు మీద:
ఇక్కడే అడిగేస్తున్నా. నాది నికాన్ డి3500. 50 ఎంఎం 1.8డి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా ఇస్తానంటున్నారు, తీసుకోవచ్చా?

షటర్:
ఆటో ఫోకస్ రాదు. డి లెన్స్ ఫోకస్‌ని తిప్పే మోటార్ ఆ బాడీలో లేదు. మోటార్ లెన్సులోనే ఉండే 1.8జి చూడండి.