సమస్య: "బడిని వీడి గురువు బడికి వచ్చె"

నల్లబల్ల (నిర్వాహకులు):
జూన్ 30న మా ఊళ్ళో ఒక మాస్టారు రిటైరయ్యారు. శాలువాలు, గోడ గడియారం, సన్మానపత్రం, ఓపెన్ జీపులో ఊరేగింపు, అన్నీ అయ్యాయి. మర్నాడు ప్రార్థన గంటకి గేటు దగ్గర మళ్ళీ ఆయనే! ఎందుకొచ్చారో అడగలేదు గానీ నాకు పాదం దొరికింది. అదే ఆఖరి పాదంగా, అందులోని విరోధం తీరేలా ఆటవెలది పద్యం పూరించండి. ఒక్క షరతు: మరిచిపోయిన కళ్ళజోడు కోసం వచ్చాడని ఎవరూ రాయొద్దు. అది నేనే రాసి చించేశాను.

వేపచెట్టు:
మనుమరాలి చేయి మనసారఁ బట్టుక
పలక సంచి మోసి పయనమయ్యె
కొలువు ముగిసె నిన్న; కొత్త కొలువు నేడు;
బడిని వీడి గురువు బడికి వచ్చె.

చింతబరికె:
మూడో పాదం హాయిగా నడిచింది. "నిన్న" ముగిసిందంటే నేడు ఒకటో తేదీ అన్నమాట. ఏప్రిల్ నెలాఖరున దిగిపోయి ఉంటే మర్నాడు బడికి తాళమే. తాతగారు జూన్ నెలాఖరు మనిషి కావడం మీ అదృష్టం.

సన్నాయి:
అదృష్టమేమీ కాదండీ. పాతతరం మాస్టార్లలో చాలామంది పుట్టినరోజు జులై 1. బడిలో వేసిన రోజున పెద్దయ్యగారు రాసిందే జాతకం. ఒకటో తేదీన పుట్టినవాళ్ళని ముందు నెల ఆఖరి రోజునే పంపించేస్తారు కదా, అందుకే జూన్ 30న శాలువాలకు అంత గిరాకీ. మా తెలంగాణలో 61కి వదిలేస్తారు, మీ ఆంధ్రలో ఇంకో ఏడాది సుద్దముక్క అరగదీయాలి.

నల్లబల్ల:
పింఛను లెక్కలు తర్వాత. పద్యాలు రానివ్వండి.

పెన్నగట్టు:
1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు మహారాజా కళాశాల వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్తుంటే, పూలు కట్టిన గుర్రబ్బండిని శిష్యులే రైల్వే స్టేషన్ దాకా లాగారు. ఊరేగింపంటే అదీ.

గుఱ్ఱ మేల యిపుడు? గురుబండి మేమె లా
గెద మటంచు శిష్యు లెదురు నిలువ
వంద యేండ్ల నాటి వార్తయే, మైసూరు
బడిని వీడి గురువు బడికి వచ్చె.

చింతబరికె:
కళాశాలని బడి అన్నారు, సరే, పెద్ద మనసుతో వదిలేస్తాను. రెండో పాదంలో యతి ఏదండీ? పాదం మొదటి అక్షరానికి మధ్యలో చుట్టం దొరకాలి కదా, గె, లె ఎప్పుడు చుట్టాలయ్యాయి? ఉగాది పూరణంలో యతి కుదరక కోకిల చేత "కా కా" అనిపించిన చేయే కదా ఇది!

సన్నాయి:
ప్రాసయతి మాస్టారూ, రెండో అక్షరాలు కలిస్తే చాలు. గెద, లెదు. ఆటవెలదికి నిక్షేపంలా చెల్లుతుంది. ఆ కోకిల ఎప్పుడో ఎగిరిపోయింది, మీరే ఇంకా చెట్టు కింద ఉన్నారు.

చింతబరికె:
ఒప్పుకున్నాను. మరి "గురుబండి" సంగతేమిటి? శుద్ధ వైరిసమాసం, సంస్కృత గురువుని తెలుగు బండికి కట్టేశారు. "గుఱ్ఱ మేల? గురుని బండిని మేమె లా" అంటే సరిపోయేది.

నల్లబల్ల:
సమాసం బాగుపడింది, యతి చచ్చింది. గు, బం. ఈసారి ప్రాసయతి అని దబాయించడానికి కూడా లేదు.

పెన్నగట్టు:
కోకిల నవ్వుతోందండీ.

వెన్నముద్ద:
ఆలస్యంగా వచ్చాను.

విశ్రమించు వేళ వేలిచ్చి పిలిచిన
కార్పొరేటు కొలువు కాలఁ దన్ని
పేద పిల్లల కయి పెద్దదియైన రా
బడిని వీడి గురువు బడికి వచ్చె.

సన్నాయి:
"రా" దగ్గర విరిచారు చూశారూ! రాబడిని వీడి బడికొచ్చాడు. పాదంలో ఒక్క అక్షరం కదపకుండా విరోధం మొత్తం తీసేశారు. అవధానంలో అయితే సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు లేచి నిలబడేవాడు.

చింతబరికె:
విరుపు అద్భుతం, కాదనను. కాకపోతే రెండో పాదంలోనే ఉద్యోగాన్ని కాలదన్నేశాడు, నాలుగో పాదంలో మళ్ళీ ఏ రాబడి వదిలాడు? ఒకే కుర్చీలోంచి రెండుసార్లు లేచినట్టుంది. అయినా కార్పొరేటువాళ్ళు వేలిచ్చి పిలిచారంటే లెక్కల మాస్టారే అయ్యుంటాడు, తెలుగు పంతులుకి ఆ యోగం లేదు.

వేపచెట్టు:
తెలుగు పంతుల్ని పిలుస్తారండీ, సన్మానపత్రం రాసిపెట్టమని.

పెన్నగట్టు:
నా మొదటి రెండు పాదాలూ మార్చాను. సమాసం సంస్కృతం, యతి అక్షరయతి. బరికెగారు ఇప్పుడేమంటారో చూద్దాం.

గుఱ్ఱ మేల యిపుడు? గురు రథమ్మును లాగ
మేమె చాలటంచు మెడలు వంచ

చింతబరికె:
అన్నీ కుదిరాయి. "శిష్యులు" మాత్రం పద్యంలోంచి జారిపడ్డారు. మెడలు వంచింది ఎవరండీ, గుఱ్ఱాలా?