మళ్లీ మా ఇళ్లలో మోగుతున్న పాత రాక్ సంగీతం: మీ అనుభవాలు చెప్పండి

విశాఖ తీరం:
మా నాన్నగారు 1970లలో ఖరగ్‌పూర్‌లో ఇంజనీరింగు చదువుకునే రోజుల్లో కొన్నవీ, ఆ తర్వాత ఉద్యోగరీత్యా కలకత్తా వెళ్లినప్పుడల్లా తెచ్చుకున్నవీ కలిపి ఒక ట్రంకు పెట్టె నిండా ఎల్పీ రికార్డులు మా ఇంట్లో ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు రాక్ బృందాలవే, చాలావరకు డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారైనవే. నేను మాత్రం ఇళయరాజా పాటలతో పెరిగాను. ఆదివారం పొద్దున ఆయన పింక్ ఫ్లాయిడ్ పెడితే అది ఎప్పుడు అయిపోతుందా, రేడియో ఎప్పుడు పెట్టుకుందామా అని కాచుకుని కూర్చునేవాణ్ని. ఇల్లు మారాక ఆ పెట్టె అటకెక్కింది, నాన్నగారు కూడా దాని ఊసెత్తడం మానేశారు.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే ధారావాహికలో 1986 నాటి మెటాలికా పాట ఒకటి విని, అక్కడి నుంచి ఒక్కొక్క బృందాన్నే పట్టుకుంటూ వెనక్కి వెళ్లి వెళ్లి, 1973 దగ్గరికి వచ్చేసరికి తాతగారి పెట్టె ముందు తేలింది. ఇప్పుడు సాయంత్రమైతే వాళ్లిద్దరూ ఒక గదిలో, వాళ్లకు కాఫీలు అందిస్తూ నేను గుమ్మంలో. నాకూ వినాలని ఉంది గాని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ ఇళ్లలో ఈ సంగీతం మళ్లీ ఎలా అడుగుపెట్టింది? ఇంకొక సంగతి, సముద్రపు గాలికి అట్టలన్నీ మచ్చలు పడ్డాయి, నాన్నగారి క్యాసెట్ల మీద తెల్లగా బూజు కనిపిస్తోంది. వాటిని దక్కించుకునే మార్గం తెలిసినవారు చెప్పగలరు.

టీడీకే తొంభై:
సికింద్రాబాద్ నుంచి రాస్తున్నాను. 1980లలో మా కళాశాల రోజుల్లో రికార్డులు కొనే స్తోమత మా స్నేహితుల్లో ఎవరికీ లేదు. ఖాళీ క్యాసెట్టు ఒకటి, కావలసిన పాటల చీటీ ఒకటి రికార్డింగు దుకాణంలో ఇచ్చి వస్తే వారానికి నింపి ఇచ్చేవారు. తొంభై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలే పట్టేది కనుక చివరి పాట తరచు సగంలో తెగిపోయేది. ఒక గిటార్ వాయింపు ఇప్పటికీ ఆ తెగిన చోటు దాటి ముందుకు పోతుంటే నాకు ఏదో అదనంగా వింటున్నట్టే ఉంటుంది.

అప్పట్లో మాటలు మాకు సగం కూడా అర్థమయ్యేవి కావు. డీప్ పర్పుల్ వారి ‘స్మోక్ ఆన్ ది వాటర్’ మొదట్లో వచ్చే ఆ గిటార్ బాణీ వాయించని కళాశాల ఉత్సవం లేదు గాని, అది జరిగిన కథ అని మాకు తెలియనే తెలియదు. ఆ సంగతి నాకు చెప్పినవాడు మా అబ్బాయి. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంట్రూలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో వెలుగు సంకేతాలు వదిలే ఫ్లేర్ తుపాకీ పేల్చడంతో కేసినో మొత్తం తగలబడిపోయింది. అదే కేసినోలో తమ ఆల్బం రికార్డు చేసుకుందామని రోలింగ్ స్టోన్స్ వారి సంచార స్టూడియోను అద్దెకు తెచ్చుకున్న డీప్ పర్పుల్ వారు, జెనీవా సరస్సు మీద పరుచుకున్న పొగను చూసి ఆ పాట కట్టారు. మరుసటి ఏడాది ‘మెషీన్ హెడ్’ ఆల్బంలో అది వచ్చింది.

మావాడు గిటార్ నేర్చుకుంటున్నాడు. మేమంతా ఆ బాణీని తీగలు మీటే చిన్న బిళ్లతో ఒక్కో తీగా కొట్టేవాళ్లం. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ అలా వాయించడనీ, రెండు తీగలనూ వేళ్లతో ఒకేసారి లాగుతాడనీ, అందుకే రెండు స్వరాలూ ఒక్కసారిగా పలుకుతాయనీ వాడు చేసి చూపించాడు. ఇన్నేళ్లుగా విన్న పాట నాకు ఆ పూట కొత్తగా వినిపించింది. ఒకప్పటి పింక్ ఫ్లాయిడ్ సభ్యుడు రోజర్ వాటర్స్ 2002లో బెంగళూరు వచ్చినప్పుడు రైలెక్కి వెళ్లిన మనిషిని నేను, మావాడు అప్పటికి పుట్టలేదు. ఆ కచేరీ గురించి ఎంత చెప్పినా వినడు గాని, గిటార్ చేతికిచ్చి కూర్చుంటే మాత్రం నా పక్కనే ఉంటాడు.

విశాఖ తీరం గారూ, మీరు ఇళయరాజా అభిమాని అంటున్నారు. ఆయన పాటల్లో గొంతు వెనుక మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ ఎలా నడుస్తుందో మీ చెవికి తెలిసే ఉంటుంది. ఆ చెవినే ఇక్కడా పెట్టండి, పాడేవాడిని కాసేపు వదిలేసి బేస్‌ను పట్టుకోండి.

రాజమండ్రి పాఠశాల:
నేను పిల్లలకు కర్ణాటక గాత్రం చెబుతాను. రాక్ సంగీతం అంటే మా ఇంట్లో తలుపు మూసుకుని వినే వస్తువు. మా మనవడు ఒకరోజు వంటింట్లోకి వచ్చి, “అమ్మమ్మా, దీనికి తాళం వెయ్యి చూద్దాం” అని పందెం కట్టినట్టు పింక్ ఫ్లాయిడ్ వారి ‘మనీ’ పెట్టాడు. మొదట నాణేలు, గల్లాపెట్టె చప్పుళ్లు వస్తాయి. ఎనిమిది అక్షరాల ఆదితాళం వేయబోతే చేయి ప్రతి ఆవర్తానికీ ముందుకు జారిపోతోంది. రెండోసారి విన్నాక ఏడు అక్షరాలని తెలిసింది, మిశ్ర చాపు వేస్తే చక్కగా కూర్చుంది. ఆ చప్పుళ్లు కూడా ఊరికే పెట్టినవి కావట, టేపును సమానమైన ముక్కలుగా కొలిచి కోసి, ఏడు చప్పుళ్లనూ వరుసగా అతికించి గుండ్రంగా తిప్పారట. కంప్యూటర్లు లేని 1973లో కత్తెర, కొలబద్దలతో లెక్క సరిపెట్టారన్నమాట.

శాక్సోఫోన్ వాయింపు ఏడులోనే నడిచింది. తర్వాత గిటార్ అందుకునేసరికి నా చేయి మళ్లీ తప్పింది, మావాడు పకపకా నవ్వాడు. అక్కడ డేవిడ్ గిల్మోర్ నాలుగులోకి మారిపోతాడు, గిటార్ ముగిశాక పాట తిరిగి ఏడుకు వస్తుంది. మా శిష్యులకు తాళం మారడం గురించి చెప్పేటప్పుడు ఈ చోటు వినిపిస్తున్నాను, వాళ్ల తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు ముఖం చిట్లించినా సరే.

లెడ్ జెప్పెలిన్ వారి ‘కాశ్మీర్’ ఇంకా ముచ్చటైనది. తీగవాద్యాల బాణీ మూడు మూడుగా తిరుగుతుంటే జాన్ బోనమ్ డ్రమ్ములు నాలుగును వదలవు, పన్నెండు అక్షరాలకు గాని రెండూ సమానికి రావు. అది విని ఇదంతా మన సంగీతం నుంచే వెళ్లిందని సంబరపడేవారు ఉంటారు. ఆ బృందంలోని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చి ఇక్కడి వాద్యకారులతో కొన్ని పాటలు రికార్డు చేసిన మాట నిజమే గాని, ఈ పాట మాటలు ప్లాంట్‌కు తట్టింది మొరాకో ఎడారి దారిలో. ప్రతిదానికీ మన ముద్ర వెతకనక్కరలేదు, లెక్క కుదిరితే చాలు నాకు.

ఇరవై రెండు:
ఈ చర్చలో నేనే చిన్నదాన్ని అనుకుంటాను, కాబట్టి మా వైపు మాట కూడా వినండి. మా తరంలో చాలామందికి ఈ పాటలు ఎవరి పెట్టెలోంచో రాలేదు. 2020లో ఒకాయన స్కేట్‌బోర్డు మీద పోతూ పండ్ల రసం తాగుతూ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ వారి ‘డ్రీమ్స్’కు పెదవులు కదిపిన వీడియో ఊరూరా తిరిగి, 1977 నాటి ఆ పాట మళ్లీ పట్టికలకెక్కింది. 2022లో కేట్ బుష్ 1985 పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఏ ఏటి పాటో తెలియకుండానే మేము ఇష్టపడతాం, ఏ సంవత్సరమో తర్వాత చూసుకుంటాం.

అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు “ఇప్పుడు ఇలాంటి సంగీతం ఎక్కడుంది” అని అందుకున్నారంటే మాత్రం సరదా అంతా పోతుంది. మా పెదనాన్నగారు ఫలానా ఆల్బం విన్నావా, ఫలానా కచేరీ సంగతి తెలుసా అని పరీక్ష పెట్టేవారు. ఆయన ఉన్నప్పుడు నేను ఇయర్‌ఫోన్లు తీసేదాన్నే కాదు. ఆయన ఆ ప్రశ్నలు మానేసిన తర్వాతే ఫ్లీట్‌వుడ్ మ్యాక్ వారి ‘రూమర్స్’ ఆల్బం మొత్తం ఇద్దరం కలిసి విన్నాం. ఆ బృందంలోని రెండు జంటలు విడిపోతున్న కాలంలోనే ఆ పాటలు రికార్డు అయ్యాయనీ, ఒకరి మీద ఒకరు రాసుకున్న పాటలను అందరూ కలిసే వాయించారనీ ఆయన చెబితే, నేను అడిగి మరీ ఇంకా చెప్పించుకున్నాను.

ఆల్బం మొత్తం వినడం మాత్రం నిజంగా పెద్దవాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. మేము పాటల వరుస కలిపేసి వింటాం. పింక్ ఫ్లాయిడ్ వారి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అలా వినకూడదు, ఒక పాట చివర ఇంకో పాట మొదట్లోకి కరిగిపోయేలా కట్టినది అది. అమెరికాలోని బిల్‌బోర్డ్ 200 ఆల్బంల పట్టికలో 900 వారాలకు పైగా ఉన్నది కూడా ఆల్బంగానే కదా. ఫోనులో వినేవారు పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా ఉండే అమరికను ముందు చూసుకోండి, లేకపోతే ప్రతి అతుకు దగ్గరా ఒక తొట్రుపాటు వినిపిస్తుంది.

కరకట్ట మీద:
మాది దివిసీమ. మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు, రాక్ సంగీతం ఆయన వినేదీ కాదు. నేను లెడ్ జెప్పెలిన్ వారి నాలుగో ఆల్బంలోని చివరి పాట ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ పెట్టుకుని ఉంటే, ఆ డ్రమ్ముల మోతకు లోపలికి వచ్చి, “ఎవరిమీదరా ఆ కోపం” అని అడిగారు. ఇంగ్లండులోని ఒక పాత భవంతిలో మెట్ల కింద డ్రమ్ములు పెట్టి, మైకులను పైఅంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేయడం వల్ల ఆ మోత అంత లోతుగా ఉంటుందని మొదట చెప్పాను. ఆయన అడిగింది అది కాదు. అప్పుడు, అది కరకట్ట తెగితే ఏమైపోతామనే పాట అనీ, ఆ బృందం సొంత పాట కూడా కాదనీ, 1927లో అమెరికాలో మిసిసిపీ నది కట్టలు తెంచుకుని ముంచెత్తిన వరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు 1929లో రికార్డు చేసిన బ్లూస్ పాట అనీ చెప్పాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనను చూసిన మనిషి ఆయన. “ఉప్పెన వేరు, కట్ట తెగడం వేరు” అని ముందు నన్ను సరిదిద్దారు: ఒకటి సముద్రం లేచి మీద పడేది, చెప్పి రాదు, రెండోది నది పెరుగుతుంటే రాత్రంతా చూస్తూ కూర్చోవలసినది. 2009 అక్టోబరులో కృష్ణ పొంగినప్పుడు ఇసుక బస్తాలతో కట్ట మీద కాపలా కాసినవారిలో ఆయనా ఉన్నారు. ఆ పాటలో డ్రమ్ము ఎక్కడా తొందరపడదు, ఒకే నడక. “అవును, నీళ్లు అలాగే పెరుగుతాయి” అన్నారు. మిసిసిపీ కట్టల మీది శిబిరాల్లో నల్లవారిని బయటికి పోనివ్వకుండా పనిచేయించారని చెబితే, ఎవరు పోనివ్వలేదు, కూలి ఇచ్చారా అని వరుసగా అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత మిన్నీ, జో దంపతుల ఆ గిటార్ల పాటను కూడా వినిపించాను. రెంటిలో ఆయనకు అదే నచ్చింది, దానికి కారణం కూడా చెప్పారు: “వీళ్లు కట్ట పక్కన ఉన్నవాళ్లు.”

రాక్ సంగీతాన్ని పిల్లలకు అందించాలనుకునేవారు ఆ వెనుకవారి పేర్లు కూడా అందించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మనం పాతది అనుకునే 1971 పాటకు వెనుక అంతకంటే పాతది ఉంది.

రెండో సైడు:
విశాఖ తీరం గారి రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. హైదరాబాదులో జుమేరాత్ బజార్‌లో దొరికిన రికార్డులతో మొదలైన పిచ్చి నాది, కాబట్టి చేతనైనంత చెబుతాను.

ముందు ప్లేయరు సంగతి. అమ్మాయి ముచ్చటపడిందని పెట్టె ఆకారంలో వచ్చే చవక ప్లేయరు కొనకండి. వాటిలో చాలావాటికి సూది ఐదారు గ్రాముల బరువుతో గాడి మీద కూర్చుంటుంది, సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జి మంచిదైతే దానికి రెండు గ్రాములు చాలు. నాన్నగారి పాత ప్లేయరు ఉంటే దాన్ని బాగుచేయించి, సూది మాత్రం కొత్తది వేయండి, అరిగిన సూది ఒక్కసారి తిరిగినా గాడిని గీసేస్తుంది. రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిటారుగా నిలబెట్టాలి. బూజు పట్టినవాటిని డిస్టిల్డ్ వాటరులో ఒకటి రెండు చుక్కల పాత్రల సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవండి, మధ్యలోని లేబులు తడవకూడదు. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటరుతో ఇంకోసారి తుడిచి, నీడన ఆరబెట్టి, లోపలి కవర్లు కొత్తవి వేయండి. పాత కవరులో పెడితే ఆ బూజే మళ్లీ ఎక్కుతుంది. అట్టల మచ్చలు పోవు, వాటిని అలాగే ఉంచుకోండి.

క్యాసెట్లతో ఇంకాస్త జాగ్రత్త కావాలి. బూజు పట్టిన టేపును మంచి క్యాసెట్ ప్లేయరులో పెడితే ఆ బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుని తర్వాతి క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. పాడైపోయినా ఫరవాలేదనుకునే పాత ప్లేయరు ఒకదానిలో ముందుకూ వెనక్కూ చుట్టి దులిపాక, హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, అప్పుడు కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ఒకవేళ పాట సన్నగా, పీలగా వినిపిస్తే టేపు చెడిందనుకుని పారేయకండి, లోపల టేపును హెడ్డుకు అదిమి ఉంచే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంటుంది. ఇంకో క్యాసెట్టు డొక్కలోకి చుట్టలు మారిస్తే సరిపోతుంది.

విశాఖ తీరం:
అందరికీ కృతజ్ఞతలు. టీడీకే తొంభై గారి మాట ప్రకారం పాడేవాడిని వదిలి బేస్ వెంట నడిచాను, రాజమండ్రి పాఠశాల గారు చెప్పిన ఏడు అక్షరాలు ఆ బేస్‌లోనే దొరికాయి. నాన్నగారికి తాళం వేసి చూపిస్తే, ఇన్నేళ్లుగా వింటున్నా ఎప్పుడూ లెక్కపెట్టలేదని ఆశ్చర్యపోయారు. మా అమ్మాయి ‘ఇరవై రెండు’ గారి పోస్టు ఆయనకు చదివి వినిపించింది. పెదనాన్నగారి పరీక్షల దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం పెంచింది కూడా. నాన్నగారి పాత ప్లేయరు అటక మీదే ఉంది గాని, బెల్టు సాగి పాటంతా నీరసంగా వస్తోంది. దాని కొలత ఎలా తీయాలి?

రెండో సైడు:
సాగిన బెల్టును కొలవకండి. మోటారు పుల్లీ చుట్టూ, పళ్లెం కింది చక్రం చుట్టూ బెల్టు తిరిగే దారిలోనే ఒక దారం బిగుతుగా చుట్టి దాని పొడవు తీసుకుని, అందులో ఐదు శాతం తగ్గించి అడగండి. వెడల్పు మాత్రం పాత బెల్టుదే చెప్పవచ్చు. కొత్తది వేసేముందు పుల్లీకి అంటుకున్న పాత రబ్బరును ఆల్కహాలుతో పూర్తిగా తుడవండి, లేకపోతే వేగం నిలకడగా ఉండదు.