క్యాప్స్ లాక్ వదిలించుకోవడానికి రిజిస్ట్రీలో చెయ్యి పెట్టొచ్చా?

తెనాలి_డీటీపీ:

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే తెలుగు టైపింగ్ చేస్తాను. ఎక్కువగా పెద్దవాళ్ళు చేత్తో రాసుకున్న కథలు, పద్యాలు, ఆత్మకథలు తెచ్చిస్తారు, నేను యూనికోడ్‌లో కొట్టి ప్రెస్సుకి పంపుతాను. రోజుకి ఏడెనిమిది గంటలు కీబోర్డు మీదే. నాది ఆర్‌టీఎస్ పద్ధతి, అంటే ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు. మామూలుగా కొడితే ల, షిఫ్ట్‌తో కొడితే ళ, అలాగే త, ట.

నా బాధంతా క్యాప్స్ లాక్‌తోనే. ఎడమ చిటికెనవేలు ‘ఏ’ మీదకి వెళ్ళబోయి పక్కనున్న క్యాప్స్ మీద పడుతుంది. కళ్ళు కాగితం మీద ఉంటాయి కాబట్టి నాలుగైదు లైన్లు అయిపోయాక తలెత్తి చూస్తే ‘తల’ కాస్తా ‘టాళా’ అయి ఉంటుంది, ‘నది’ ‘ణాడీ’ అయి ఉంటుంది. ఇంగ్లిషు అయితే వర్డ్‌లో షిఫ్ట్ ఎఫ్3 కొట్టి చిన్నక్షరాలుగా మార్చుకోవచ్చు, ఇవి అప్పటికే తెలుగు అక్షరాలు అయిపోయాయి కదా, చెరిపి మళ్ళీ కొట్టడం తప్ప దారి లేదు. రోజుకి పది పదిహేనుసార్లు జరుగుతోంది.

సెట్టింగ్స్ అంతా వెతికాను, క్యాప్స్ లాక్ ఆపేసే బటన్ ఎక్కడా లేదు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, మార్చుకోవచ్చని తెలిసినవాళ్ళు అన్నారు. కానీ ఆ పేరు వింటేనే నాకు టెన్షన్. రెండేళ్ళ క్రితం సిస్టమ్ స్లోగా ఉందని ఒక సర్వీస్ షాపుకి ఇస్తే రిజిస్ట్రీ క్లీనర్ ఏదో నడిపారు, తర్వాత ప్రింటర్ పనిచేయలేదు, చివరికి విండోస్ మళ్ళీ ఎక్కించారు, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న రెండు రోజుల టైపింగ్ పోయింది. ఆ పెద్దాయనకి ఏం చెప్పాలో తెలియక రాత్రంతా కూర్చుని మళ్ళీ కొట్టాను.

ఇంకో రెండు చిన్న సంగతులు. పొద్దున ఆన్ చేయగానే నమ్ లాక్ (కుడివైపు అంకెల కీలని పనిచేయించేది) ఆరిపోయి ఉంటుంది, పిన్ కొడితే పడదు. ఫైల్ మీద కుడి క్లిక్ కొడితే వచ్చే మెనూలో పక్క మెనూ తెరుచుకోవడానికి క్షణం ఆగుతుంది. విండోస్ 11, హోమ్ ఎడిషన్. ఇవి ధైర్యంగా మార్చుకోవచ్చా? తేడా వస్తే వెనక్కి వచ్చే దారి కూడా చెప్పండి.

రాత్రి_డ్యూటీ:

మార్చుకోవచ్చండి. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసుకి సిస్టమ్స్ చూస్తాను, మా డేటా ఎంట్రీ వాళ్ళకి ఇదే మార్పు చేసిపెట్టాను. క్లీనర్ నడపడం వేరు, ఒక్క విలువ చేర్చడం వేరు. అది ఇల్లంతా కళ్ళు మూసుకుని ఊడ్చి పారేయడం లాంటిది, ఇది గోడకి ఒక మేకు కొట్టడం లాంటిది.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెజ్‌ఎడిట్ అని కొట్టి తెరవండి, రిజిస్ట్రీని మార్చే ప్రోగ్రాము అదే. ఎడమవైపు హెచ్‌కీ లోకల్ మెషీన్, దాని లోపల సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, ఆఖరున కీబోర్డ్ లేఅవుట్. ఇక్కడ జాగ్రత్త, కీబోర్డ్ లేఅవుట్ అని ఒకటి, చివర ‘ఎస్’ తగిలించి లేఅవుట్స్ అని ఇంకొకటి పక్కపక్కనే ఉంటాయి. మనకి కావాల్సింది ‘ఎస్’ లేనిది. అందులో కుడివైపు ఖాళీలో కుడి క్లిక్, న్యూ, బైనరీ వాల్యూ. పేరు స్కాన్‌కోడ్ మ్యాప్, స్కాన్‌కోడ్ ఒకే మాటగా కలిపి రాయాలి, తర్వాత ఒక ఖాళీ వదిలి మ్యాప్. ఏ కీ నొక్కితే ఏ కీలా పనిచేయాలో చెప్పే పట్టిక ఇది.

దాన్ని డబుల్ క్లిక్ చేస్తే అంకెలు కొట్టే పెట్టె వస్తుంది. ఇవి కొట్టండి, లైనుకి ఎనిమిది జతల చొప్పున అదే సర్దుకుంటుంది:

00 00 00 00 00 00 00 00
02 00 00 00 2ఏ 00 3ఏ 00
00 00 00 00

ఏ అన్నచోట ఇంగ్లిషు అక్షరమే కొట్టాలి. మొత్తం 20 జతలు. మొదటి లైను అంతా సున్నాలే. 02 అంటే పట్టికలో రెండు వరుసలు ఉన్నాయని, ఒకటి మనది, రెండోది ముగింపు సున్నాలది. 3ఏ క్యాప్స్ లాక్ నంబరు, 2ఏ ఎడమ షిఫ్ట్ నంబరు. ముందు ‘ఏమవ్వాలి’, తర్వాత ‘ఏ కీ’ అని రాయాలి. ఇది తిరగబడితే మీ ఎడమ షిఫ్టే క్యాప్స్ లాక్ అయి కూర్చుంటుంది, అసలు బాధ కన్నా అది పెద్ద బాధ.

క్యాప్స్‌ని పూర్తిగా చంపాలంటే 2ఏ బదులు 00 పెట్టాలి. కానీ మీ పనికి దాన్ని షిఫ్ట్‌గా మార్చడమే మేలని నా ఉద్దేశం. పొరపాటున తగిలినా వేలు తీయగానే మామూలైపోతుంది, మహా అయితే ఒక అక్షరం తేడా పడుతుంది, పైగా ళ, ణ, ట కొట్టడానికి చిటికెనవేలికి పెద్ద షిఫ్ట్ దొరికినట్టే.

నమ్ లాక్‌కి ఇదే రెజ్‌ఎడిట్‌లో హెచ్‌కీ యూజర్స్, దాని కింద చుక్కతో మొదలయ్యే డిఫాల్ట్, కంట్రోల్ ప్యానెల్, కీబోర్డ్. అక్కడ ఇనీషియల్ కీబోర్డ్ ఇండికేటర్స్ దగ్గర 2147483648 ఉంటే చివరి 48ని 50 చేయండి. లాగిన్ స్క్రీన్ మీద వర్తించేది ఈ డిఫాల్టే, మీ పేరు మీదున్నది లాగిన్ అయ్యాక వర్తిస్తుంది. చాలామంది రెండోది మార్చి పనిచేయలేదంటారు.

మెనూ సంగతికి హెచ్‌కీ కరెంట్ యూజర్, కంట్రోల్ ప్యానెల్, డెస్క్‌టాప్‌లో మెనూ షో డిలే, మూడు మాటలూ కలిపి ఒకే పేరుగా ఉంటుంది. 400 అని ఉంటుంది, మిల్లీసెకన్లు. 100 చేయండి. సున్నా పెట్టమని కొందరు చెబుతారు, పెట్టకండి, మౌస్ అటుగా పోతే చాలు పక్క మెనూలన్నీ విప్పుకుంటాయి. సైన్ అవుట్ అయి మళ్ళీ రండి. ఇది పాత తరహా మెనూలకి వర్తిస్తుంది. విండోస్ 11లో పాత మెనూ నేరుగా కావాలంటే షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్ కొట్టండి, దానికి రిజిస్ట్రీ అక్కర్లేదు.

పాత_కీబోర్డు:

అమ్మా, రాత్రి డ్యూటీ గారు చెప్పింది సరిగ్గా ఉంది. వెనక్కి వచ్చే దారి అడిగావు కదా, దాని గురించి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడే చాలామంది పొరబడతారు.

విండోస్ 3.1 రోజుల్లో సెట్టింగులు ఎక్కువగా ఐఎన్ఐ ఫైళ్ళలో ఉండేవి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకునేవాళ్ళం. ఒక్కో ప్రోగ్రాము తన ఫైలు తను పడేసేది, ఏది ఎక్కడుందో తెలిసేది కాదు. విండోస్ 95 నుంచి వాటిని ఒక్క చోటికి చేర్చారు, అదే రిజిస్ట్రీ. ఇప్పుడది ఊరంతటికీ ఒకే బీరువా లాంటిది. నీకు కావాల్సిన అర తెలిస్తే తీసి పెట్టుకోవచ్చు, తెలియని అరలో చెయ్యి పెట్టకూడదు. అందులో సేవ్ బటన్ లేదు, అన్‌డూ లేదు, ఓకే కొట్టిన క్షణంలో మారిపోయినట్టే.

ముందు ఎక్స్‌పోర్ట్ తీసుకోమని అందరూ చెబుతారు, నేనూ చెబుతున్నాను. మార్చబోయే ఫోల్డర్ మీద కుడి క్లిక్ కొట్టి ఎక్స్‌పోర్ట్ అంటే ఒక ఫైలు వస్తుంది. కానీ చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ ఫైలుని తర్వాత డబుల్ క్లిక్ చేస్తే అందులో ఉన్న విలువలు తిరిగి వస్తాయి గానీ, నువ్వు కొత్తగా చేర్చినది పోదు. అది కలుపుతుంది, తీసేయదు. మెనూ 400 నుంచి 100 చేశావు, అది ఫైలుతో వెనక్కి వస్తుంది. స్కాన్‌కోడ్ మ్యాప్ అలా రాదు, అది కొత్త మొలక. దాన్ని నువ్వే వెళ్ళి డిలీట్ చేసి రీస్టార్ట్ చేయాలి. అందుకే ఎక్స్‌పోర్ట్‌తో పాటు ఒక నోటుపుస్తకంలో రాసుకో, ఏ దారిలో వెళ్ళావు, పాత విలువ ఎంత, కొత్త విలువ ఎంత, ఏది కొత్తగా పుట్టించావు, ఏ తేదీన. నేను ఇరవై ఏళ్ళుగా అలాగే రాస్తున్నాను, సిస్టమ్ అసలు తెరుచుకోని రోజున కాగితమే దిక్కు.

ఇంకోటి, రిజిస్ట్రీని విండోస్ తనే దాచుకుంటుందిలే అన్న నమ్మకం వదులుకో. పూర్వం రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో కాపీ పెట్టుకునేది. విండోస్ 10లో 2018 నాటి 1803 వెర్షన్ నుంచి ఆ కాపీ తీయడం మానేసింది, తెరిచి చూస్తే ఫైళ్ళు సున్నా సైజులో ఉంటాయి. కాబట్టి స్టార్ట్‌లో రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే సిస్టమ్ సెట్టింగులని వెనక్కి తెచ్చుకునే గుర్తు) అని వెతికి, సీ డ్రైవ్‌కి ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, క్రియేట్ నొక్కి ఒకటి పెట్టుకో. రెండు నిమిషాల పని. మూడు మార్పులూ ఒకే రోజు చేయకు. ఒకటి చేసి, ఒక పూట పని చేసి చూసి, రెండోదానికి వెళ్ళు.

ఆ షాపువాళ్ళు చేసింది తప్పే. రిజిస్ట్రీ క్లీనర్లని మైక్రోసాఫ్ట్ కూడా సమర్థించదు. నాలుగు పాత ఎంట్రీలు తీసేసినంత మాత్రాన సిస్టమ్ స్పీడ్ పెరగదు.

డల్లాస్_తెలుగు:

నాకూ ఇదే బాధ, కాకపోతే ఆఫీసు ల్యాప్‌టాప్. స్కాన్‌కోడ్ మ్యాప్ లోకల్ మెషీన్ కింద ఉంటుంది కాబట్టి అడ్మిన్ హక్కులు లేకుండా చేర్చనివ్వదు. మెనూ డిలే మాత్రం కరెంట్ యూజర్ కింద ఉంది, అది నాకు మారింది. ఐటీ వాళ్ళని అడిగితే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పవర్‌టాయ్స్ అనే ప్రోగ్రాము పెట్టుకోమన్నారు, అందులో కీబోర్డ్ మేనేజర్‌తో క్యాప్స్‌ని షిఫ్ట్ చేసుకున్నాను. రిజిస్ట్రీ జోలికి వెళ్ళక్కర్లేదు, కాకపోతే ఆ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపే పనిచేస్తుంది, లాగిన్ స్క్రీన్‌లో క్యాప్స్ క్యాప్సే.

పెంగ్విన్_ఖమ్మం:

లినక్స్‌లో అయితే దీనికి రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. ఎక్స్‌కేబీ, అంటే అక్కడి కీబోర్డు సెట్టింగుల ఆప్షన్లలో క్యాప్స్ నన్ అని పెడితే ఆ క్షణం నుంచే క్యాప్స్ పనిచేయదు, మిగతా యూజర్ల జోలికి పోదు. మీ పని విండోస్‌లో ఉంది కాబట్టి మారమని చెప్పను. విండోస్‌లోనే సులువైనది ఒకటి ఉంది: సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లో టాగుల్ కీస్ ఆన్ చేయండి. క్యాప్స్ తగలగానే బీప్ అంటుంది, కాగితం చూస్తూ కొట్టేవాళ్ళకి ఆ చప్పుడు చాలు. రిజిస్ట్రీకి ధైర్యం చాలకపోతే ముందు ఇది చేసి చూడండి.

తెనాలి_డీటీపీ:

అందరికీ ధన్యవాదాలు. రీస్టోర్ పాయింట్ పెట్టుకుని, పుస్తకంలో రాసుకుని, స్కాన్‌కోడ్ మ్యాప్ చేశాను. షట్ డౌన్ చేసి ఆన్ చేసినా క్యాప్స్ లాక్ ఎప్పటిలాగే వెలుగుతోంది. అంకెలు మూడుసార్లు సరిచూశాను, 20 జతలూ ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశానంటారు?

రాత్రి_డ్యూటీ:

తప్పు మీది కాదండి, నేనే ముందు చెప్పాల్సింది. షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ అనేది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు, సిస్టమ్ భాగాన్ని అలాగే డిస్క్‌లో దాచిపెట్టి మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అందుకే కీబోర్డు కొత్త పట్టిక చదవదు. రీస్టార్ట్‌లో మాత్రం మొదటి నుంచి మొదలవుతుంది. మీ ఫోల్డర్ చివర ‘ఎస్’ లేదు కదా, అది కూడా ఒకసారి చూడండి.

తెనాలి_డీటీపీ:

రీస్టార్ట్ చేయగానే వచ్చింది! ఫోల్డర్ కూడా సరైనదే. నిన్నటి నుంచి ఒక శతకం కొడుతున్నాను, ఒక్కసారి కూడా ‘టాళా’ రాలేదు. ళ కొట్టడానికి ఇప్పుడు వేలు దానంతట అదే క్యాప్స్ మీదకే వెళుతోంది.

ఒక్క తేడా వచ్చింది. పద్యాల్లో ట, ణ ఎక్కువ ఉన్నచోట, ఏది కొట్టాలా అని ఆలోచిస్తూ ఆ కీని ఊరికే టపటపా నొక్కుతుంటే స్టికీ కీస్ కావాలా అని ఒక పెట్టె వస్తోంది. ఇది రిజిస్ట్రీ వల్లేనా?

పాత_కీబోర్డు:

పాడైందేమీ లేదమ్మా. స్టికీ కీస్ అంటే షిఫ్ట్ లాంటి కీని పట్టుకోకుండా ఒకసారి నొక్కి వదిలినా పనిచేసే సదుపాయం. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ అది కావాలా అని అడుగుతుంది, ఇప్పుడు నీ క్యాప్స్ కూడా షిఫ్టే కదా. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్, స్టికీ కీస్ లోపలికి వెళ్ళి షార్ట్‌కట్ ఒక్కటి ఆఫ్ చెయ్యి. సెట్టింగ్స్‌లో బటన్ ఉన్నప్పుడు రిజిస్ట్రీలోకి వెళ్ళొద్దు.

తెనాలి_డీటీపీ:

ఆఫ్ చేశాను బాబాయ్ గారూ, ఇక రావట్లేదు. ఈ సిస్టమ్ మా అబ్బాయి కూడా వాడతాడు, వాడి లాగిన్‌లోనూ క్యాప్స్ పోయింది, అప్లికేషన్ ఫారాలు పెద్దక్షరాల్లో నింపాలని గొడవ చేశాడు, షిఫ్ట్ పట్టుకుని కొట్టమన్నాను. నమ్ లాక్ ఈ రోజు మార్చాను, రేపు పొద్దున తెలుస్తుంది. మెనూ ఆదివారం. పుస్తకంలో మొదటి పేజీ నిండింది. శతకంలో ఇంకా నలభై పద్యాలు ఉన్నాయి, వెళ్ళి కూర్చుంటాను.