డాబా మీద సోలార్: పాత వైర్‌మన్‌కా, ఐటీఐ కుర్రాడికా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి, ఒడిశా):
ఇంటి డాబా మీద సోలార్ పెట్టుకోడానికి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అనేసరికి మా వీధంతా ఇప్పుడు అదే ధ్యాస. మా పక్కింట్లో బిగించినాయన ఇరవై ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ చేస్తున్నవాడే. పనితనానికి వంక పెట్టలేం. కానీ ప్యానెల్ వైర్లకు కనెక్టర్ వేసేటప్పుడు, దాన్ని వైరుకు గట్టిగా నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ లేక కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశాడు. నెల తిరక్కుండా అది కరిగి బొగ్గులా అయింది. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు, దానిమీద సోలార్ శిక్షణ లేనివాళ్లను డాబా ఎక్కనివ్వకూడదంటాను. మీరేమంటారు?

గుణుపురం వైర్‌మన్:
మాష్టారూ, ఒక్క ప్లేయర్ చూసి మా అందరి పొట్టా కొట్టేశారు! 2018లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఊడ్చేసినప్పుడు తడిసిన బోర్డులు విప్పి ఆరబెట్టింది మాలాంటోళ్లే. నేర్చుకోమనే అంటారు. 2015లో మొదలైన సూర్యమిత్ర అనే సోలార్ శిక్షణ కోర్సు 600 గంటలు. అన్ని రోజులు పని మానేస్తే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? పైగా నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.

బరంపురం కుర్రాడు (ఐటీఐ):
అన్నా, పొట్ట సంగతి కాదు, ప్రాణం సంగతి. మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసి చెయ్యి పెట్టడం మీకు అలవాటు. సోలార్‌లో ఆ అలవాటే ప్రమాదం. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల దగ్గర వోల్టేజీ పోదు. ఇప్పటి పెద్ద ప్యానెళ్లు ఆరు వరసగా కలిపితే 300 వోల్టుల దగ్గరికి వస్తుంది. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చిపోతుంది, అందుకే స్విచ్ తీస్తే మెరుపు ఆరిపోతుంది. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీకి ఆ సున్నా లేదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ ఊడదీశారా, మెరుపు అంటుకుని సాగుతూనే ఉంటుంది. ఏసీకి చేసిన ఎంసీబీని (కరెంటు తెంచే స్విచ్‌ని) డీసీ వైపు బిగించినవాళ్లనూ చూశాను.
(ఒప్పుకోవాలి కదా, మా బ్యాచ్‌లో సగం మందిమి ఇంకా నిచ్చెన ఎక్కలేదు.)

గుణుపురం వైర్‌మన్:
ఈ సున్నా సంగతి నాకెవరూ చెప్పలేదు తమ్ముడూ. నేను రెండిళ్లలో మెయిన్ ఆపి ధైర్యంగా కనెక్టర్లు లాగాను. చదువుతుంటే ఇప్పుడు చేతులు చల్లబడ్డాయి.
సరే, నువ్వూ ఒకటి చెప్పు. డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగుకు ఒకటి, మూడు ఎర్తులు వేర్వేరుగా వేయాలి కదా? మా కొండవైపు రెండడుగులు తవ్వితే బండ. మొన్న కోర్సు చేసిన పిల్లలే ఒక్క గుంత తవ్వి, మూడు తీగలూ అందులోనే పాతి, ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. సర్టిఫికెట్ ఉంది మరి!

రాయగడ అక్క:
ఎవరు బిగించినా నాకు ఒకటే. ఆరు నెలల తర్వాత ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలిగితే మా ఇంటికి బిగించిన కుర్రాడు ఫోనే ఎత్తలేదు. చివరికి వచ్చి చూసింది మా వీధి వైర్‌మనే.

మహేంద్రతనయ ఒడ్డు:
రెండేళ్ల ఐటీఐ తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాత పనివాళ్ల అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కేంద్రం నైపుణ్య పథకంలో ఉంది. కానీ ఆ పరీక్ష డాబా మీద, మిట్టమధ్యాహ్నం, చేతిలో టూల్‌తో జరగాలి. ప్రశ్నలు తెలుగులో అడిగితే ఎవరి సొమ్ము పోయింది? పరీక్ష లేకుండా మాత్రం ఒప్పుకోను, తిట్టినా సరే.

గుణుపురం వైర్‌మన్:
తిట్టను గానీ, ఆ కాలిన కనెక్టర్ పారేయకండి. ఆదివారం వస్తాను, చూడాలి. తమ్ముడూ, నీ క్రింపింగ్ టూల్ పట్టుకురా. గునపం నేను తెస్తా.